ఆకాశవాణిలో గాయనీప్రశంస

ఏటేట మార్చి 8వ తేదీనాడును, ప్రసిద్ధగాయనుల జయంతీవర్ధంతీదినములయందును ఆకాశవాణి కేంద్రములనుండి సంగీతవిదుషీమణులను ప్రశంసించు కార్యక్రమములు ప్రసారమగుచుండుట పాఠకమహాశయు లెఱిగినదే. ఇట్టి ప్రశంస యావశ్యక మనుటలో విప్రతిపత్తి లేదు. అయినను ఏ గుణమును బురస్కరించుకొని యీ ప్రశంస సాగుచున్నదో, అందు జెప్పబడున దేదో, చెప్పబడక విడువబడున దేదో విచారింపవలసి యున్నది. సాహిత్యపరిశోధనమునకై వెలసిన పత్రికలో సంగీతప్రసారముల చర్చ కేమి పని యని కొంద ఱాక్షేపింపవచ్చును. ఈ విదుషీమణులలో ననేకులు గాయనులు మాత్రమే కారు. గ్రంథపరిష్కర్త్రులును, గేయపాఠములను గాపాడినవారును, జానపదవాఙ్మయమును సేకరించినవారును వారిలో నున్నారు. ఆ భాగమే ప్రసారములలో దఱుచుగా జాఱిపోవుచున్నది. కావున నీ చర్చ మనకు సంబంధించినదే.

మా నారాయణఖేడు తెలుగు కన్నడ మరాఠీ భాషలు మూడును జేరువయగు తావు. 1956 వఱకు నీ తాలూకా బీదరు జిల్లాలోనిది. రాష్ట్రపునర్విభజనమున మెదకు జిల్లాలో గలిసి, 2016 నుండి సంగారెడ్డి జిల్లాలో నున్నది. ఇచ్చట హైదరాబాదు కేంద్రమును వినువారికి బొరుగుభాషల ప్రసారములును గొత్తవి కావు. నేడు చేతిలోని ఫోనునందే యన్ని కేంద్రములును బలుకుచున్నవి గదా! ఏ భాషలో విన్నను ప్రశంస పోసిన మూస మాత్ర మొక్కటియే. జన్మస్థలము, గురువుగారి పేరు, ఒకటి రెండు కీర్తనలు, బిరుదముల పట్టిక, ‘గానకోకిల’ యను నొక యుపమానము, దానితో సమాప్తి. కోకిల యొకరియొద్ద శుశ్రూష చేసి నేర్చి పాడునది కాదు. తాను బాడునది తోడియో ధన్యాసియో దాని కెఱుక లేదు. నలువది యేండ్లు సాధన చేసిన విదుషిని బక్షితో బోల్చుట మాధుర్యమును బొగడుటయే గాని పాండిత్యమును బొగడుట కాదు. విద్వాంసులగు పురుషులను గూర్చిన ప్రసారములలో ‘లయబ్రహ్మ’, ‘సంగీతశాస్త్రపారంగతుడు’ మున్నగు మాటలు వినబడును. స్త్రీల విషయమున గంఠముకడనే ప్రశంస యాగిపోవును.

‘గాయని’ యను శబ్దమునే విచారింతము. గై ధాతువునకు గర్త్రర్థమున ణ్వుల్ ప్రత్యయము చేర్చినచో ‘గాయక’ యనియు, స్త్రీలింగమున ‘గాయిక’ యనియు నగును. పాడునది యను సామాన్యార్థమే దానివలన దేలును. పాణిని యంతటితో దృప్తి నొందక, శిల్పి యర్థమైనపు డీ ధాతువునకే థకన్, ణ్యుట్ అను రెండు ప్రత్యయములను వేఱుగ విధించెను. వానిలో రెండవదానివలన ‘గాయన’ శబ్దమును, అది టిత్తగుటచే స్త్రీత్వమున ఙీప్పు వచ్చి ‘గాయనీ’ శబ్దమును సిద్ధించినవి. మూడవ యధ్యాయమున మొదటి పాదమున 147వ సూత్ర మిందుకు బ్రమాణము. శిల్పమనగా నభ్యాసముచే గడించిన క్రియాకౌశలము. కావున గాయని యనగా నూరక పాడునది కాదు. గానమును విద్యగా నభ్యసించి యందు నేర్పు గడించినది. ప్రకటనకర్తలు దినమునకు బదిమాఱు లుచ్చరించు పదమునందే తగిన ప్రశంస యిమిడియున్నది. వారు దానిని విడిచి కోకిలను వెదకుకొనుచున్నారు. ప్రసక్తానుప్రసక్తముగా నొక మాట: ‘ఆకాశవాణి’ యు స్త్రీలింగమే. మైసూరున ఆచార్య గోపాలస్వామిగారు 1935 లో స్వయముగా స్థాపించిన ప్రసారకేంద్రమున కీ పేరు వచ్చెను. పిమ్మట దేశమునందలి కేంద్రములన్నిటికి నదియే వ్యవహారనామమైనది.

ఉదాహరణముగా బెంగుళూరు నాగరత్నమ్మగారిని దీసికొందము. ఆమె 1878 లో నంజనగూడున జన్మించి 1952 లో దిరువయ్యారున దేహము చాలించిరి. ప్రసారములలో నామెను గూర్చి ప్రధానముగా జెప్పబడునది త్యాగరాజస్వామివారి సమాధికి జేసిన సేవ. జీర్ణమై యున్న యా తావున దన యార్జితమును వెచ్చించి 1925 నాటికి మందిరమును గట్టించిరి. ఆరాధనోత్సవమున స్త్రీలు పాడరాదని నిర్బంధ ముండగా స్త్రీలబృందమును వేఱుగ గూర్చి పాడించిరి. 1940 ప్రాంతమున బృందములు గలిసి యొక్క యుత్సవముగా నడచుటయు, స్త్రీపురుషు లొక్కచో బాడుటయు నాచారమైనది. ఈ సంగతులు కొన్ని ప్రసారములలో జక్కగనే చెప్పబడుచున్నవి, అది సంతోషకరము. కాని యా మందిరమునకు బదునైదేండ్లకు ముందు, 1910 లో, ఆమె చేసిన పని తెలుగు సాహిత్యమునకు సంబంధించినది. దానిని గూర్చి యొకటి రెండు మాటలు దొరలినను దొరలును, తఱుచుగా మౌనమే.

ఆ పని ముద్దుపళని రాధికాసాంత్వనమును బరిష్కరించి ముద్రింపించుట. ముద్దుపళని తంజావూరు ప్రతాపసింహుని (1739–1763) కాలపు గవయిత్రి. రాధికాసాంత్వనము నాలుగాశ్వాసముల శృంగారప్రబంధము. బ్రౌనుదొర పరిచయవర్గములోనివారైన వెంకటనరసుగారు 1887 లో దీనిని వెలువరించిరి గాని, అందు గొన్ని పద్యములును, అన్నిటికంటె ముఖ్యముగా నవతారికయు విడువబడెను. ఆ యవతారికలో నేమున్నది? కవయిత్రి తన వంశక్రమమును, తన యవ్వ తంజనాయకిని, తన వారి విద్యావైభవమును జెప్పుకొన్నది. తాను బండితులను ధనమిచ్చి సత్కరించుటను, తనకు గృతు లంకితమగుటను జంకులేక ప్రకటించి, తనజాతి స్త్రీలలో నిట్టిది మఱియొకతె గలదా యని సవాలు చేసినది. ఏ పురుషకవి ప్రబంధమునకైనను వంశవర్ణనమును దీసివైచి ముద్రించినవా రున్నారా? కృత్యాదిలేని ప్రబంధము తలలేని మొండెము. ఆ భాగమును దొలగించినవారికి శృంగారపద్యముల యశ్లీలతయే కారణమనుటకును వీలులేదు. వంశవర్ణనమం దశ్లీల మేమున్నది?

నాగరత్నమ్మగారు వ్రాతప్రతిని సంపాదించి, ముద్రితప్రతితో సరిచూచి, లోపించిన భాగములను గుర్తించి, గ్రంథమును మూలానుసారముగా వావిళ్లవారిచే బ్రకటింపజేసిరి. వ్రాతప్రతిని వెదకుట, పాఠములను బోల్చుట, లుప్తభాగములను బూరించుట – ఇవి మన పరిషత్తులవారు చేయు పనులే. 1910 నాటి కాంధ్రదేశమున నిట్టి పనికి బూనుకొన్న పురుషపండితులే వ్రేళ్లమీద లెక్కింపదగినవారు. ఇంతేకాదు, ఆమె తన పీఠికలో వీరేశలింగముపంతులుగారి యభిప్రాయమును నిర్భయముగా ఖండించిరి. పంతులుగారు కవులచరిత్రమున ముద్దుపళని కవిత్వప్రౌఢి నంగీకరించియు, స్త్రీ యగుదానికి దగని శృంగారము వర్ణించినదని నిందించి యుండిరి. సిగ్గు స్త్రీలకే కాని పురుషులకు లేదా యని యామె ప్రశ్న. పంతులుగారే పరిశీలించి ముద్రణకర్హమని తలచిన వైజయంతీవిలాసములోని శృంగారము దీనికంటె దక్కువది కాదని యామె చూపిన దృష్టాంతము. ఇది వ్యభిచారహేతువును జూపి ప్రతివాదిని నిరుత్తరుని జేయు తార్కికపద్ధతి. నా మట్టుకు నాకు రాధికాసాంత్వనమున గొన్ని పద్యములు పాఠశాలలో జదివింప దగినవి కావనియే తోచును; కాని యా మాట మన ప్రబంధములలో సగమునకు జెల్లును. దానినిబట్టి పాఠమును గోయుట పరిష్కర్తల ధర్మము గాదు.

1911 లో దొరతనమువా రీ గ్రంథమును నిషేధించిరి. స్వాతంత్ర్యము వచ్చిన 1947 లో నిషేధము తొలగెను. 1952 లో వావిళ్లవారు మరల బ్రకటించిరి. ఆ యేడే నాగరత్నమ్మగారు గతించిరి. ఇంతటి కథ యుండగా బ్రసారమున గీర్తనమును మందిరమును మాత్రమే మిగులుట న్యాయమా?

ఈ మౌనమునకు గారణ మూహింపరానిది గాదు. నాగరత్నమ్మగారు దేవదాసీకులమున బుట్టినవారు. చెన్నరాజధానిలోని దేవదాసీల సంఘమునకు నాయకురాలుగా నుండినవారు. రాధికాసాంత్వనమును జెప్పినచో ముద్దుపళనిని జెప్పవలెను, ముద్దుపళనిని జెప్పినచో గులమును జెప్పవలెను. ఇది మర్యాద గాదని ప్రకటనకర్త శంకించును. శంక సద్బుద్ధితో గలిగినదే కావచ్చును. ఫలము మాత్రము 1887 నాటి ముద్రణమున గలిగిన ఫలమే: ఆమె తన్ను గూర్చి తాను జెప్పుకొన్నదే లోపించుచున్నది.

ప్రసారసంస్థ చరిత్రములో నీ లోపమునకు మూల మొకటి కలదు. గౌహర్‌జాన్ 1902 నవంబరులో గలకత్తాయందు గ్రామఫోనునకు బాడినపుడు, పాట ముగియగానే తన పేరు తానే యాంగ్లమున బిగ్గరగా జెప్పెడిది. జర్మనీలోని హానోవరు కర్మాగారమున బలకలు ముద్రించువారికి గాయకుల పేరు తెలియుటకై యేర్పడిన పద్ధతి యది. పద్ధతి యెందు కేర్పడినను, ఒక స్త్రీ తన పేరు తానే చెప్పుకొని గానము ముగించుట నే డా పలకను విన్నవారి మనస్సునం దుండిపోవును. రేడియో వచ్చిన తొలినాళ్లలోను బాయి, జాన్ అను నామాంతములు గల విదుషులే యుత్తరదేశపు కేంద్రములను నిలిపినవారు. 1946 తరువాత, సర్దారు పటేలుగారు సమాచారప్రసారశాఖను నిర్వహించు కాలమున, ఎవరి సొంతజీవితము లోకాపవాదమునకు బాత్రమో యట్టివారికి బ్రసారమున దావీయరాదను నాజ్ఞ వెలువడెను. కులవృత్తిగా గానము చేయు స్త్రీలమీదనే యీ యాజ్ఞ పడెను. లోకాపవాదమున కాస్పదమైన పురుషవిద్వాంసు లెంద ఱాజ్ఞచే దొలగింపబడిరో విజ్ఞులే యూహింతురుగాక. పలువురు విదుషులు నామాంతములు మార్చుకొనిరి. అఖ్తరీబాయి ఫైజాబాదీ యని ప్రసిద్ధి కెక్కిన యామె 1945 లో వివాహమై కొన్నేండ్లు పాట మానుకొని, 1949 లో లక్నో కేంద్రమున మరల బాడినది మొదలు బేగం అఖ్తరుగా లోకమున నిలిచినది. కంఠ మొక్కటియే, నామాంతము మాఱినది.

వ్యాకరణమున లోపమనగా నభావము గాదు, కనబడకుండుట మాత్రమే. ప్రత్యయము లోపించినను దానివలని కార్యము జరుగుచునే యుండును. ఈ విదుషుల కులసంప్రదాయము పేరున గనబడకపోయినను, వారి గమకములలో, పదముల పాఠములలో, అభినయానుగుణమైన విళంబములో నది కార్యము చేయుచునే యున్నది. శ్రోత కది యెచ్చటినుండి వచ్చినదో తెలియదు; అంతియే భేదము.

ఇచ్చట నొక పూర్వపక్షము బలముగా నున్నది. ఈ కులములవారి సంతతులు నేడు గౌరవముగా బ్రతుకుచుండగా, పూర్వుల వృత్తిని గాలిలో జాటుట వారికి బాధాకరము గాదా? వాదము తోసివేయదగినది గాదు. జీవించియున్నవా రెవరైనను దమ కుటుంబమును గూర్చి చెప్పవద్దని కోరినచో మౌనమే ధర్మము. కాని నాగరత్నమ్మగారును ముద్దుపళనియు దమ వంశమును దామే వ్రాసి ముద్రింపించుకొన్నవారు. కర్త స్వయముగా జెప్పినదానిని గర్తకు నవమాన మని మనము దాచుట యెట్టి గౌరవము?

ఇక గేయపాఠములను గాపాడినవారిని గూర్చి. వీణ ధనమ్మాళ్ (1867–1938) పేరు ప్రసారములలో వినబడునపుడు వీణానాదమే ప్రస్తావింపబడును. ఆ యింట క్షేత్రయ్య పదములు తరతరములుగా నిలిచినవి. ఆమె మనుమరాండ్రు బృంద, ముక్త యా పదములను లోకమున కందించిరి. బృందగారు (1912–1996) సంగీతకళానిధి బిరుదము నందినది 1976 లో. మువ్వగోపాలముద్ర గల పదములు పుట్టినది తెలుగున. అవి బ్రతికినదో, చెన్నపురిలో నొక స్త్రీల పరంపర కంఠమున. కొన్ని పదముల నా సంప్రదాయమువా రనుపల్లవితో నెత్తుకొందురు. పాడునపు డన్ని చరణములను బాడరు; ఏ చరణమును నిలుపుదురో, ఏ పదమును సాగదీయుదురో గమనించిన నర్థనిర్ణయమున కుపకారము గలుగును. మన పరిశోధకులు ముద్రితప్రతులను మాత్రమే సరిచూచి క్షేత్రయ్య పాఠమును నిర్ణయింతురు. పాడినవారి నోటి పాఠమును సాక్ష్యముగా స్వీకరించుట యరుదు. వేదపాఠమునకు నోటి సంప్రదాయమే ప్రమాణమని యొప్పుకొను మనకు బదముల విషయమున నంత సంకోచ మేల? ఆకాశవాణి భాండాగారములలోని పాత ధ్వనిముద్రణములను బ్రసారము చేయునపుడు ముద్రణసంవత్సరమును, పదకర్తను, పాఠము నేర్పినవారిని జెప్పినచో బండితుల కవి తాళపత్రములవలె నుపయోగించును.

దోషములనే యెన్నుట సమంజసము గాదు. తెలుగు గాయనులకు రేడియో చేసిన మేలు చాల గొప్పది. 1938 జూను 16వ తేదీన జెన్నపురి కేంద్రమును, 1948 డిశంబరు 1వ తేదీన విజయవాడ కేంద్రమును వెలసినవి. అంతకు మున్నే నిజామురాజ్యమున నడచుచున్న దక్కను రేడియో 1950 ఏప్రిలు 1 నుండి భారతప్రభుత్వపు జేతిలోనికి వచ్చినది. కచ్చేరీవేదిక మీదికి రాజాలని గృహస్త్రీ లనేకులకు రేడియోయే వేదిక. రావు బాలసరస్వతీదేవిగారు (జననము 1928) బాల్యముననే గ్రామఫోనునకు బాడి, పిమ్మట రేడియోలో లలితసంగీతమునకు రూపము దిద్దినవారిలో నొకరు. 1943 నాటి ‘భాగ్యలక్ష్మి’ చిత్రమున నేపథ్యగానము చేసినవారు. టంగుటూరి సూర్యకుమారిగారి గానమున శంకరంబాడి సుందరాచారిగారి గీత మాంధ్రదేశమంతట వ్యాపించినది.

వీరికంటె సవిస్తరముగా జెప్పవలసినవారు శ్రీరంగం గోపాలరత్నముగారు (1939–1993). బాలాంత్రపు రజనీకాంతరావుగారి పర్యవేక్షణమున విజయవాడ కేంద్రమునుండి ప్రాతఃకాలమున వెలువడు భక్తిరంజనిలో నామె కంఠము వినని తెలుగువారు నా యీడువారిలో దక్కువ. ఆమె గొప్పతనము పలుకుబడిలో నున్నది. సంధిచే గూడిన పదములను రాగమునకై విఱుచునపు డర్థము చెడకుండ విఱుచుట గాయకులలో నరుదైన గుణము. సంస్కృతసమాసమును నడుమ ద్రుంచి యూపిరి దీసికొనువా రెందఱో! గోపాలరత్నముగారు పాడినదానిలో నా దోష మెన్నడును నా చెవిని బడలేదు. అన్నమాచార్య కీర్తనములు గాని, యెంకిపాటలు గాని, సంగీతరూపకములోని పాత్ర గాని, దేని భాష దానికి దగినట్లుగ బలుకుట వ్యాకరణము చదివినవారికిని దుష్కరము. ఆమె సంగీతకళాశాల ప్రధానాచార్యులుగా గూడ బనిచేసిరి. 1992 నాటి పద్మశ్రీ బిరుదము ప్రసారములందు దప్పక చెప్పబడును. ఆమె బోధన మాత్ర మొక వాక్యమున ముగియును. శిష్యులను బిలిపించి, గురువు పదము నెట్లు విఱువుమని చెప్పెనో యడిగిన నది గాదా నిజమైన ప్రశంస?

వింజమూరి సోదరీమణులు సీత, అనసూయగార్ల విషయమునను నిట్లే. వీరు దేవులపల్లి కృష్ణశాస్త్రిగారి మేనకోడండ్రని యెల్లరును జెప్పుదురు. వీరి తల్లి వెంకటరత్నమ్మగారు ‘అనసూయ’ యను స్త్రీల పత్రికను నడపినవారని యెందఱు చెప్పుదురు? మేనమామ పేరు నిలిచి, పత్రికాసంపాదకురాలైన తల్లి పేరు జాఱుట గమనింపదగినది. సోదరీమణులు జానపదగేయములను సేకరించి రేడియోలో బాడిరి. అనసూయాదేవిగారు (1920–2019) వానిని స్వరసహితముగా గ్రంథస్థము గూడ చేసిరి. స్వరసహితముగా వ్రాయుటచే బాట యొక పాఠమైనది. వేఱొకరు పరీక్షింపదగిన సాక్ష్యమైనది. ఆమె చివరిదినములు గడపినది యమెరికాలోని హ్యూస్టనునందు. అచ్చటి తెలుగువారి పిల్లలకు నీ గేయములు పరిచితములగుటకు నామె పరిశ్రమ యొక కారణము.

హైదరాబాదు కేంద్రమువారికి మఱి యొక విషయము సమీపముననే యున్నది. మహలఖాబాయి చందా (1768–1824) ఉర్దూగజళ్లను రచించి దివానుగా గూర్చిన కవయిత్రి, సంగీతనృత్యవిదుషి, నిజాము దర్బారున గౌరవము నందినది. ఆమె సమాధి మౌలాలీ కొండ పాదమున నేటికిని గలదు. తంజావూరి ముద్దుపళని తరువాత నొక తరమున, వేఱుభాషలో, వేఱు దర్బారున వెలసిన యీ విదుషికిని ముద్దుపళనికిని గల సాదృశ్యము పరిశీలింపదగినది. ఇరువురును ఆస్థానములలోని కళావంతులు. ఇరువురును దమ కవిత్వముపై దమ పేరు నిలుపుకొన్నవారు. ఉర్దూ తెలిసిన పండితు డొకడును దెలుగు పండితు డొకడును గూర్చుండి యొక గంట ముచ్చటించినచో గార్యక్రమము సిద్ధమగును, వ్యయమును స్వల్పమే.

తుదకు బతుకమ్మ పాటలు. భాద్రపదమాసపు టమావాస్య మొదలు తొమ్మిదిదినములు మా గ్రామములయందు స్త్రీలు పాడు పాటలను కేంద్రములవారు ముద్రించి ప్రసారము చేయుచున్నారు. ప్రకటనము మాత్రము ‘సంప్రదాయగీతము’ అనియో ‘జానపదబృందము’ అనియో ముగియును. సంప్రదాయ మనునది నోరు లేని వస్తువు; పాట నెత్తుకొన్న యొక స్త్రీ కలదు, ఆమెకు నేర్పిన యత్తయో తల్లియో కలదు. ఆ పేరును, గ్రామమును, నేర్చినచోటును బ్రకటించుట కరనిమిషము చాలును. సరిహద్దుగ్రామముల పాఠములలో గన్నడ మరాఠీ పదము లేమైన జేరినవో, చేరిన నే చరణమున జేరినవో పరిశీలింపగోరువాని కా గ్రామనామమే మొదటి యాధారము. పాఠశాలల పండితులు తమ విద్యార్థినుల యిండ్లలో బాడు పాటలను బాడినవారి పేరుతో సహా వ్రాయించి యీ పత్రికకు బంపినచో, ప్రసారమున వినబడిన పాఠములతో వానిని సరిచూచు పని నా యోపినంత చేయగలవాడను.